డి విటమిన్ వేసుకుంటున్నా కదా అని పది నెలలు ఆగాను: నా కొలనోస్కోపీ అనుభవం

మా అన్నకి పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది 2024 సంక్రాంతి వెళ్లిన పది రోజులకి. ఆయనకప్పుడు 51 ఏళ్లు. అంతకు ముందు ఎనిమిది నెలల నుంచి దొడ్డికి పోతే రక్తం పడుతోందట. మొలలు అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఆదోనిలో ఎవరో ఇచ్చిన చూర్ణం మజ్జిగలో కలుపుకుని తాగాడు, కారం తగ్గించాడు. హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయి, ఇంటి ముందు నాలుగు మెట్లెక్కి కూలబడితే అప్పుడు వదిన బలవంతంగా తీసుకెళ్లింది. ఫిబ్రవరిలో హైదరాబాదులో ఆపరేషన్ అయింది. మార్చి నుంచి ఆగస్టు దాకా మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది కీమోలు. ఇప్పుడు తిరుగుతున్నాడు, అంగడికి పోతున్నాడు. అరికాళ్లు మాత్రం ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయంటాడు.

నేను రాయాలనుకున్నది అన్న డిశ్చార్జి కాగితంలో చివరన ఉన్న ఒక్క లైను గురించి. తోడబుట్టినవాళ్లకి కొలనోస్కోపీ చేయించాలి అని ఉంది అందులో. కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష అది. ఆ లైను నేను ఫిబ్రవరిలోనే చదివాను. ఆసుపత్రి వరండాలో నిలబడి, వదిన చేతిలో కాగితం పట్టుకుని, ఇద్దరం కలిసి చదివాం. నేను చేయించుకున్నది డిసెంబరు 21న. మధ్యలో పది నెలలు నేనేం చేశానో, ఎందుకు ఆగానో దాచుకోకుండా చెప్తాను. నాలాగా ఆగినవాళ్లు ఇంకా ఉంటారని నా నమ్మకం.

నాకు 43. కర్నూలులో మాకు చిన్న టైలరింగ్ షాపు. కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరం. పొద్దున తొమ్మిదిన్నరకి షట్టరు తీస్తే రాత్రి తొమ్మిదికి దించుతాను. లోపల రెండు ట్యూబులైట్లు, ఒక ఫ్యాను, మూడు మిషన్లు. కర్నూలు ఎండ గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంటుంది గానీ ఆ ఎండ నా ఒంటి మీద పడేది ఇంటి నుంచి ఆటో ఎక్కేదాకానే. అదీ కొంగు తల మీద కప్పుకుని.

మార్చిలో కాళ్లు పీకడం ఎక్కువైంది. తొడలు, నడుము, పక్కటెముకలు నొక్కితే నొప్పి. ఎన్.ఆర్. పేటలో మేమెప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి పోతే రక్తపరీక్ష రాశారు. మార్చి 18, సోమవారం. డి విటమిన్ 8.6 ఉంది. 20 కంటే తక్కువుంటే లోపం అన్నట్టు, మామూలుగా 30 దాటి ఉండాలని రిపోర్టులోనే పక్కన అచ్చేసి ఉంది. ఆ ఒక్క పరీక్షకే 1,300 రూపాయలు. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు వారానికొకటి, పాలల్లో కలుపుకుని, ఎనిమిది వారాలు వేసుకోమన్నారు. పరగడుపున కాకుండా కాస్త నెయ్యో వెన్నో ఉన్న తిండి తిన్నాక వేసుకుంటే బాగా ఒంటబడుతుందని కూడా చెప్పారు.

అప్పుడే మా పెద్దాడబిడ్డ ఫోనుకి ఒక వీడియో పంపింది. డి విటమిన్ బాగా ఉన్నవాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ తక్కువ వస్తుంది అని అందులో ఒకాయన చెప్తున్నాడు. ఆమె పంపింది ప్రేమతోనే. అన్న సంగతి తెలిసిన దగ్గర్నుంచి రోజూ ఫోన్ చేసి నేను తిన్నానా, పడుకున్నానా అని అడిగే మనిషి ఆమె. ఆ వీడియో నేను పదిసార్లు చూసుంటాను. చూసిన ప్రతిసారీ గుండె బరువు కొంచెం దిగేది. నాకు డి తక్కువుందని తేలింది, దానికి మందు దొరికింది, వారానికొకసారి పాలల్లో కలుపుకుంటే చాలు. పేగులోకి గొట్టం పంపించుకోవడం కంటే ఇది ఎంత తేలికో ఆలోచించండి.

ప్యాకెట్ల డబ్బా దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన పెట్టుకున్నాను. ఆదివారం తలస్నానం చేసి, దీపం పెట్టి, పాలల్లో పొడి కలుపుకుని తాగేదాన్ని. మందులా కాదు, మొక్కు తీర్చుకున్నట్టు తాగాను. ఎనిమిది వారాలు మే నెలలో అయిపోయాయి. కాళ్ల నొప్పులు నిజంగానే తగ్గాయి. ఆ మాట ఒప్పుకోవాలి, ఆ మందు చేయాల్సిన పని చేసింది. కానీ నేను ఆపలేదు. మందుల షాపులో చీటీ అడగలేదు, నేను డాక్టరుని అడగలేదు. మార్చి 24 నుంచి డిసెంబరు 8 దాకా 38 ఆదివారాలు, 38 ప్యాకెట్లు. రాసిచ్చింది ఎనిమిదే. ప్యాకెట్టు 40 రూపాయలు.

వదిన మధ్యమధ్యలో అడిగేది, "చేయించుకున్యావా?" అని. శ్రావణమాసం పెళ్లిళ్ల బ్లౌజులు ఉన్నాయి అన్నాను. తర్వాత దసరా ఆర్డర్లు అన్నాను. తర్వాత కార్తీకం. అన్నీ నిజాలే. కానీ అసలు నిజం, నాకు భయం. ఏదైనా ఉందని తెలిస్తే ఆ రోజు నుంచి నేను అన్నలాగా అయిపోతానని భయం. సిగ్గు కూడా. ఆ భాగం ఇంకొకరికి చూపించడం, అదీ మగ డాక్టరయితే ఎట్లా అని రాత్రిళ్లు ఆలోచించేదాన్ని. ఆ రెండింటికీ పైన కప్పుకోవడానికి నాకు డి విటమిన్ దొరికింది.

నవంబరు ఆఖర్లో మా పాప హాస్టల్ నుంచి వచ్చింది. బి.ఫార్మసీ చదువుతోంది. దేవుడి గూట్లో డబ్బా చూసి, "ఇదేంది మా, ఇంకా వేసుకుంటున్నావా?" అని లెక్కేసింది. వారానికి 60,000 అంటే రోజుకి 8,500 యూనిట్ల పైన. డాక్టరు చూసుకోకుండా పెద్దవాళ్లు రోజుకి 4,000 దాటకూడదని వాళ్లకి చెప్పారట. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది, కిడ్నీలో రాళ్లు రావచ్చు అంది. ఎందుకు ఆపలేదని అడిగితే వీడియో సంగతి చెప్పాను. పాప ఏమీ అనలేదు. మా వదిన దగ్గర్నుంచి అన్న డిశ్చార్జి కాగితం ఫొటో తెప్పించుకుని ఆ లైను నాకు మళ్లీ చదివి వినిపించింది.

డిసెంబరు 9, సోమవారం. గాయత్రి ఎస్టేట్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గ్యాస్ట్రో డాక్టరు. ఓపీ 500. టోకెన్ 31, పదిన్నరకి కూర్చుంటే మధ్యాహ్నం ఒకటీ పదికి పిలిచారు. ఆ రోజే డి విటమిన్, కాల్షియం మళ్లీ చేయించారు. డి 91 వచ్చింది. కాల్షియం 10.1, అదృష్టం కొద్దీ హద్దులోనే ఉంది. ప్యాకెట్లు వెంటనే ఆపేయమన్నారు. మళ్లీ ఎప్పుడు, ఎంత వేసుకోవాలో మూడు నెలల తర్వాత చూసి చెప్తానన్నారు.

నేను ధైర్యం చేసి అడిగాను. "సార్, డి బాగా ఉంటే పేగు క్యాన్సర్ రాదంట కదా?"

ఆయన నవ్వలేదు, కసరలేదు. "ఏం పని చేస్తావమ్మా?" అన్నారు. చెప్పాను.

"ఎక్కువ బ్లౌజులు కుట్టించుకునేవాళ్ల ఇంట్లో డబ్బు ఉంటుందా, లేదా?"

"ఉంటుంది సార్."

"మరి డబ్బు లేని మనిషికి నువ్వు పది బ్లౌజులు కుట్టిచ్చినావనుకో. ఆమెకి డబ్బొస్తుందా?"

నాకు అక్కడే అర్థమైపోయింది. డి ఎక్కువున్నవాళ్లలో ఈ క్యాన్సర్ తక్కువ కనిపించడం నిజమేనట. కానీ డి ఎక్కువున్నవాళ్లు ఎవరు? ఎండలో తిరిగేవాళ్లు, నడిచేవాళ్లు, ఒళ్లు పెరగనివాళ్లు. వాళ్లని కాపాడింది డి విటమినా, ఆ నడకా అనేది రక్తపరీక్ష చెప్పదు. అది తేల్చాలంటే సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి చూడాలి. అట్లా చూసినప్పుడు తేడా రాలేదమ్మా అన్నారు. తర్వాత అన్న కాగితం చదివి అడిగారు: "మీ అన్నకి 51లో వచ్చింది. తోడబుట్టినవాళ్లు 40 ఏళ్లకి చేయించుకోవాలి. లేదా రోగికి బయటపడిన వయసుకి పదేళ్లు ముందు. రెండిట్లో ఏది ముందైతే అది. నీకెన్నమ్మా?" 43 అన్నాను. ఆయన క్యాలెండరు తిప్పారు.

శనివారం, డిసెంబరు 21, ఉదయం 11 గంటలకి ఇచ్చారు. ముందుగా రక్తపరీక్షలు, ఈసీజీ చేయించుకోమన్నారు. 1,450 అయింది. నేను రక్తహీనతకి ఐరన్ మాత్రలు వేసుకుంటున్నానంటే వారం ముందే ఆపమన్నారు. ఐరన్ వల్ల మలం నల్లగా అంటుకుని లోపల గోడ కనపడదట. ఇది ఎవరూ అడగకపోతే మీరే చెప్పండి. బీపీ, షుగరు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా.

పరీక్షకి ముందు రెండు రోజుల తిండి నాకు కష్టమైంది. మా ఇంట్లో రాత్రయితే జొన్నరొట్టె, బుడ్డల పొడి, ఏదో ఒక ఆకుకూర. ఆ మూడూ వద్దన్నారు. గింజలున్నవి, తొక్కలున్నవి, పీచున్నవి ఏవీ వద్దు. టమోటా వద్దు, జామకాయ వద్దు. ఉత్త తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, తొక్క తీసిన ఆలుగడ్డ. రోజూ పీచున్న తిండి తినమనే డాక్టర్లే ఈ రెండు రోజులు మాత్రం తినొద్దంటారు. ఒక గింజ తొక్క గోడకి అంటుకుని ఉన్నా దాని కింద ఏముందో కెమెరాకి కనపడదు.

శుక్రవారం పొద్దున రెండు ఇడ్లీ తిన్నాను, చట్నీ లేకుండా. అంతే ఇక. తర్వాత కొబ్బరినీళ్లు, వడకట్టిన నిమ్మరసం, ఓఆర్ఎస్. ఎర్ర రంగువి, ఊదా రంగువి తాగొద్దన్నారు, లోపల రక్తంలా కనిపిస్తాయని.

మా వీధికి కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. శుక్రవారం రాని రోజు. ఆ సాయంత్రమే పేగు కడిగే మందు తాగి, మళ్లీ మళ్లీ దొడ్డికి పోవాలి. గురువారం సాయంత్రమే ఆ సంగతి గుర్తొచ్చి బాత్రూములో పెద్ద డ్రమ్ము, రెండు బకెట్లు నింపిపెట్టుకున్నాను. ఇది ఏ కాగితంలోనూ రాసి ఉండదు. ఆ రాత్రి నీళ్లు లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను. మాది కింద కూర్చునే లెట్రిన్. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మధ్యలో కోసిన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకోవడం మంచిది, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. పక్కింటి పిన్నమ్మ ఆమె అత్తగారికి వాడినది ఇచ్చింది. ఇంకొకటి, మొదలుపెట్టక ముందే అక్కడ కొబ్బరినూనె రాసుకోండి. పదోసారి తర్వాత రాసుకుంటే లాభం లేదు.

పేగు కడిగే పొడి ప్యాకెట్టు 280 రూపాయలు. రెండు లీటర్ల నీళ్లలో కలపాలి. సాయంత్రం ఆరింటికి సగం, తెల్లవారి నాలుగున్నరకి మిగతా సగం. పావు లీటరు గ్లాసు, పది పదిహేను నిమిషాలకొకటి. మొదటి గ్లాసు ఉప్పేసిన నిమ్మరసంలా పర్వాలేదనిపించింది. మూడో గ్లాసు గొంతు దిగలేదు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగితే, గ్లాసుకీ గ్లాసుకీ మధ్య చిన్న కలకండ ముక్క చప్పరిస్తే దిగింది. ముప్పావుగంట దాకా ఏమీ కాలేదు. మందు పని చేయలేదేమో అని ఆసుపత్రికి ఫోన్ చేయబోతుండగా మొదలైంది. తొమ్మిదింటిలోపల పద్నాలుగు సార్లు వెళ్లాను. కడుపునొప్పి పెద్దగా లేదు. చలి మాత్రం పట్టుకుంది. డిసెంబరు రాత్రి, చల్లని నీళ్లు అన్ని తాగితే వణుకు రాదా మరి. దుప్పటి కప్పుకుని బాత్రూము తలుపు పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

పాప నా పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. నన్ను మాటల్లో పెట్టడానికి ఫోనులో చదివి వినిపించింది. డి విటమిన్ మాట ఎట్లా పుట్టిందో ఆ రాత్రే తెలుసుకున్నాను. అమెరికాలో సెడ్రిక్ గార్లాండ్, ఫ్రాంక్ గార్లాండ్ అని అన్నదమ్ములిద్దరు, ఎండ ఎక్కువుండే ప్రాంతాల్లో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు తక్కువగా ఉన్నాయని గమనించి, దానికి డి విటమిన్ కారణం కావచ్చని 1980లో రాశారట. ఊరికే పుట్టిన మాట కాదు. పేగు గోడ కణాలు డి విటమిన్‌ని అందుకుంటాయి. ప్రయోగశాలలో అది కణాలు అడ్డదిడ్డంగా పెరగకుండా ఆపుతుంది. అందుకే అంతమంది అన్నేళ్లు ఆశపడి పరీక్షలు చేశారు.

"మా, ఇది విను," అంది పాప. అమెరికాలోనే 36,282 మంది ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు. సగం మందికి కాల్షియంతో పాటు రోజుకి 400 యూనిట్ల డి, ఏడేళ్లు. 2006లో తేల్చారు, ఈ క్యాన్సర్ తగ్గలేదు. తక్కువ మోతాదు కాబట్టి అన్నారు. తర్వాత 25,871 మంది, అందులో సగం మందికి రోజుకి 2,000 యూనిట్లు, ఐదేళ్ల పైన. క్యాన్సర్లు రావడం తగ్గలేదు. నాకు దగ్గరగా ఉన్నది మాత్రం ఇంకొకటి. అప్పటికే పాలిప్పులు, అంటే పేగు గోడ మీద పుట్టే బుడిపెలు, తీయించుకున్న 2,259 మందిని తీసుకుని, కొందరికి రోజుకి 1,000 యూనిట్ల డి ఇచ్చి, మూడు నుంచి ఐదేళ్ల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ చేసి చూశారు. డి వేసుకున్నవాళ్లకీ వేసుకోనివాళ్లకీ కొత్త పాలిప్పులు ఒకేలా వచ్చాయి. 2015లో వచ్చింది ఆ ఫలితం. 2015! నేను 2024లో దేవుడి గూట్లో పెట్టుకుని కూర్చున్నాను.

పాప న్యాయంగా ఇంకో మాట కూడా చదివింది. ఆ 25,871 మందిలో మొదటి రెండేళ్లు పక్కన పెట్టి లెక్కేస్తే, డి వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ మరణాలు కొంత తక్కువ కనిపించాయట. పాలిప్ ముదిరి క్యాన్సర్ కావడానికి పదేళ్ల దాకా పడుతుంది కాబట్టి ఐదేళ్ల పరీక్ష సరిపోదు అనేవాళ్లూ ఉన్నారు. అంటే ఆ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. కానీ నాకు కావాల్సింది ఆ మాటలోనే ఉంది. పదేళ్లు పడుతుంది అంటే, ఆ పదేళ్లలో ఎప్పుడైనా చూసి తీసేయొచ్చు. అన్న మొలలనుకున్న ఎనిమిది నెలలు కాదు, అంతకు ముందు ఏళ్లకేళ్లు అది ఆయన లోపల ఉండి ఉంటుంది. ఎవరో ఒకరు చూసి ఉంటే సరిపోయేది. దుప్పటి మొహాన కప్పుకుని ఏడ్చాను. పాప ఫోను పక్కన పెట్టి నా కాళ్లు పట్టింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం. మిగతా లీటరు. ఆరున్నరకల్లా పసుపు పచ్చటి నీళ్లు తప్ప ఇంకేమీ రావడం లేదు. అట్లా వస్తేనే శుభ్రమైనట్టు. కింద కనిపించేంత తేటగా ఉండాలి.

ఆటోలో ఆసుపత్రికి పావుగంట. దారి మధ్యలో అవసరం పడుతుందేమో అని భయపడ్డాను, పడలేదు. తోడు ఒకరు తప్పకుండా ఉండాలి, మత్తు ఇస్తారు కాబట్టి ఒంటరిగా పంపరు. మా ఆయన, పాప ఇద్దరూ వచ్చారు.

నేను అనుకోనిది అక్కడ జరిగింది. పాలిప్ ఉంటే కరెంటు తీగతో కోస్తారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. గాజులు, మెట్టెలు, కమ్మలు తీశాను. "తాళి కూడా అమ్మా" అంది సిస్టరు. 22 ఏళ్లలో ఎప్పుడూ తీయలేదు. చేతులు ఆడలేదు. మా ఆయన బయటికెళ్లి పది నిమిషాల్లో ఒక పసుపుకొమ్ము, తెల్ల దారం తెచ్చాడు. దారానికి పసుపు రాసి, కొమ్ము కట్టి ఆయనే నా మెడలో వేశాడు. ఆ సిస్టరు ఓపిగ్గా తెర పట్టుకుని నిలబడింది. ముందే తెలిసుంటే ఇంట్లోనే తయారు చేసుకుని పోయేదాన్ని. చేతిగోళ్లకి రంగుంటే అది కూడా ఇంట్లోనే తుడిచేసుకోండి, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడతారు.

వెనక వైపు తెరిచి ఉండే గౌను. నేను రాత్రిళ్లు భయపడినంత సిగ్గు ఆ గదిలో నాకు కలగలేదు. మొత్తం దుప్పటి కప్పే ఉంచారు. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్లు కడుపు దగ్గరికి ముడుచుకుని పడుకోమన్నారు. ముక్కుకి ఆక్సిజన్, చేతికి సూది. మత్తు డాక్టరు ఆడమనిషి. "ఏ ఊరమ్మా పుట్టినూరు?" అని అడిగింది. ఆదోని అన్నాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది పాప మొహం. గోడ గడియారం పన్నెండు అయిదు చూపిస్తోంది. గొట్టం ఎప్పుడు వెళ్లిందో, ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నొప్పి లేదు. కడుపు ఉబ్బి ఉంది, అంతే. లోపలికి గాలి పంపిస్తారు, అది బయటికి పోవాలి. సిగ్గుపడకుండా వదిలేయండమ్మా, అదే మాకు కావాల్సింది అంది సిస్టరు. గంట తర్వాత టీ, బిస్కెట్లు ఇచ్చారు. ఆ టీ రుచి ఎప్పటికీ మర్చిపోను.

డాక్టరు వచ్చి రంగు ఫొటోలున్న కాగితం చూపించారు. రెండు పాలిప్పులు. ఒకటి 4 మిల్లీమీటర్లు. రెండోది 12 మిల్లీమీటర్లు, అన్నకి గడ్డ ఉన్న చోటే, పెద్దపేగు చివరి మలుపులో. ఫొటోలో గులాబీ రంగు గోడకి చిన్న కాడ, కాడ చివర చింతగింజంత ఎర్రని బుడిపె. వానలకి పుట్టలో మొలిచిన పుట్టగొడుగులా ఉంది. పక్క ఫొటోలో అది లేదు. దాని చోట తెల్లని మచ్చ. రెండు ఫొటోలకీ కింద టైము ఉంది, మధ్య తేడా ఆరు నిమిషాలు. ఆ కాగితాన్ని నేను ఎంతసేపు చూశానో. మార్చి నుంచి నేను పాలల్లో పొడి కలుపుకుని తాగిన ప్రతి ఆదివారం అది అక్కడే ఉంది.

"క్యాన్సరా సార్?"

"చూడ్డానికి అట్లా లేదు. కానీ తీసిన ముక్కల బయాప్సీ రిపోర్టు రాకుండా నేను చెప్పకూడదు. వారం పది రోజులు."

వారం రోజులు బరువులెత్తొద్దు, దూర ప్రయాణాలొద్దు అన్నారు, కోసిన చోట రక్తం పడే అవకాశం ఉంటుందని. సోమవారం పొద్దున నిజంగానే రెండు చుక్కలు కనిపించాయి. కాళ్లు చల్లబడిపోయాయి. ఫోన్ చేస్తే, రెండు చుక్కలకి భయం లేదు, గడ్డలుగా పడినా, కళ్లు తిరిగినా వెంటనే రావాలి అన్నారు. మళ్లీ పడలేదు.

ఆ తొమ్మిది రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. మిషన్ మీద కూర్చుంటే కుట్టు తప్పేది. ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించాను. నా పదిహేనేళ్ల పనిలో అట్లా ఎప్పుడూ జరగలేదు. అన్న రోజూ ఫోన్ చేసేవాడు. "ఏం పాపా, వచ్చినాయా?" అని ఆ ఒక్క మాటే. ఆయన కీమో రోజుల్లో నేను ఇట్లా రోజూ చేశానా అని నన్ను నేను అడుక్కున్నాను.

డిసెంబరు 30, సోమవారం సాయంత్రం. బయాప్సీ రిపోర్టు వచ్చింది. ట్యూబ్యులర్ అడెనోమా (ఒక రకం పాలిప్), తక్కువ స్థాయి మార్పులు అని ఉంది. క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొన్నేళ్లకి అయ్యుండేదేమో, ఇప్పుడు పాలిప్ మొత్తం బయటికి వచ్చేసింది అన్నారు డాక్టరు. సెంటీమీటరు దాటిన పాలిప్ కాబట్టి మూడేళ్లకి, అంటే 2027 డిసెంబరులో మళ్లీ చేయించుకోవాలి. మా పాప కూడా 40 నిండేలోపు చేయించుకోవాలట. ఆ మాటకి పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఖర్చు చాలామంది అడుగుతున్నారు. ఓపీ 500, పరీక్షలు, ఈసీజీ 1,450, పొడి 280, మత్తుతో కలిపి కొలనోస్కోపీ 7,500, పాలిప్పులు తీసినందుకు 6,000, రెండు సీసాల బయాప్సీ 2,400. మొత్తం 18,130. పాలిప్ తీసే డబ్బు ముందు చెప్పిన దాంట్లో ఉండదు, ఉంటేనే పడుతుంది కాబట్టి. ఆ ఆరు వేలు మా దగ్గర లేవు. మా ఆయన షాపు పక్కన ఎరువుల అంగడాయన దగ్గర సర్దుకుని తెచ్చాడు. అదనంగా ఓ పదివేలు చేతిలో పెట్టుకుని పోండి. అంత పెట్టుకోలేనివాళ్లు కర్నూలు పెద్దాసుపత్రిలో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగంలో అడగండి.

డి విటమిన్ మీద నాకు కోపం లేదు. నా ఎముకలకి అది కావాలి. 8.6 ఉన్నప్పుడు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నదాన్ని. ఎండ మాటకొస్తే, పదకొండు నుంచి రెండింటి మధ్య ఎండే డి తయారుచేస్తుంది, పొద్దుటి లేత ఎండ అంతగా కాదు అన్నారు డాక్టరు. ఈ చలికాలం మధ్యాహ్నం అన్నం తిన్నాక షాపు ముందు ఇరవై నిమిషాలు చేతులు చాపుకుని కూర్చుంటున్నాను. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ అది కుదిరే పని కాదు. అప్పటికి ఆయన ఎంత చెప్తే అంత వేసుకుంటాను. పొద్దున తుంగభద్ర వైపు నలభై నిమిషాలు నడుస్తున్నాను. నడకకి, ఒళ్లు తగ్గడానికి, పొగ, మందు మానడానికి ఈ క్యాన్సర్‌తో సంబంధం ఉందనేది గట్టిగానే తేలిన సంగతి అని కూడా ఆయన చెప్పారు. అన్న బీడీలు ఇప్పుడు పూర్తిగా మానేశాడు.

పెద్దాడబిడ్డకి నేనే ఫోన్ చేసి చెప్పాను, నువ్వు పంపింది తప్పు కాదొదినా, నేను దాన్ని పట్టుకుని ఆగిపోవడం తప్పు అని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. వాళ్లాయనకి 56, రక్తం పడుతోందని రెండేళ్లుగా మొలల మందు వాడుతున్నాడని అప్పుడు చెప్పింది. జనవరి 17న తీసుకెళ్లారు. ఆయనకి నిజంగా మొలలే, పేగు శుభ్రంగా ఉంది. రెండేళ్ల తర్వాత ఆ రాత్రి నిద్రపోయానంది.

మిగిలింది నంద్యాలలో ఉన్న మా చెల్లెలు. 41 ఏళ్లు. నాలాగే భయం, నాలాగే పనులు. మొన్న ఆదివారం బస్సెక్కి వెళ్లి ఆ రెండు ఫొటోలు దాని ముందు పెట్టాను, చింతగింజ ఉన్నదీ, లేనిదీ. చాలాసేపు చూసి, "అక్కా, నువ్వొస్తావా నాతో?" అంది. ఫిబ్రవరి 8, శనివారం, ఉదయం పదిన్నరకి రాయించాం. గురువారం సాయంత్రానికి మా ఇంటికి వచ్చేస్తుంది. ఆ శుక్రవారం మా వీధికి నీళ్లు వచ్చే రోజో కాదో లెక్క కుదరడం లేదు. ఎందుకైనా మంచిదని డ్రమ్ము గురువారమే నింపి పెడతాను. పసుపుకొమ్ము, దారం కూడా తెచ్చి ఉంచాను.